పునాది సైన్సు పేపరులో తక్కువ గ్రేడు వస్తే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ప్లస్ టూ సైన్సు గానీ, బీఎస్సీ, బీటెక్ మొదటి సంవత్సరం గానీ చదువుతున్న తెలుగు కుటుంబాల పిల్లలు, వారి తల్లిదండ్రులు ఫలితాలు వచ్చిన వారంలో అడిగే ప్రశ్నలు ఏటా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు కింద ఉన్నాయి. నిబంధనలకు సంబంధించిన విషయాల్లో, దరఖాస్తు చేసే ఏడాది వెలువడిన సమాచార పుస్తకమే తుది ఆధారమని గమనించగలరు.

పునాది పేపరు అని దేనిని అంటారు? అందులో గ్రేడు తగ్గితే ప్రత్యేకంగా కంగారు పడవలసినది ఏమిటి?

తర్వాత చదవబోయే మరో పేపరుకు ఆధారంగా నిలిచేదే పునాది పేపరు. ఈ ఆధారం రెండు రకాలు. మొదటిది నిబంధనల వల్ల వచ్చేది: ఫలానా సబ్జెక్టులు పాసై, ఫలానా శాతం ఉంటేనే ఫలానా కోర్సులో చేర్చుకుంటామని ప్రవేశ నియమాలు చెబుతాయి. రెండవది విషయం వల్ల వచ్చేది: మోల్ (పదార్థంలోని కణాల సంఖ్యను కొలిచే ప్రమాణం) భావన తెలియని విద్యార్థికి ద్రావణాల పాఠం గానీ విద్యుత్ రసాయనశాస్త్రం గానీ అర్థం కాదు, అతని మార్కుల పత్రంలో ఏ అక్షరం ఉన్నా సరే. తక్కువ గ్రేడు వచ్చిన ఇళ్లలో చర్చ అంతా మొదటి రకం మీదే నడుస్తుంది. నా అభిప్రాయంలో చాలామందికి అసలు నష్టం రెండవ రకం వల్ల కలుగుతుంది, ఎందుకంటే అర్హత గీత దాటిన రోజునే ఆ పాఠాలను పక్కన పెట్టేస్తారు, ఆరు నెలలు తిరిగేసరికి పై పేపరులో అదే చోట మళ్లీ ఆగిపోతారు.

ఒక్క పేపరులో పీ (కేవలం పాస్) గ్రేడు వచ్చింది. సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు పాయింటు) పూర్తిగా దెబ్బతిన్నట్లేనా?

కాదు. ఊహించుకోవడం మాని లెక్క వేసి చూడాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకి 6, సీకి 5, పీకి 4, ఎఫ్‌కు 0 పాయింట్లు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో అక్షరాలు వేరుగా ఉండవచ్చు గానీ లెక్క కట్టే తీరు ఒకటే: ప్రతి పేపరు క్రెడిట్లను (ఆ పేపరుకు కేటాయించిన భారాన్ని) దాని పాయింట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి.

ఒక సెమిస్టరులో 20 క్రెడిట్లు ఉన్నాయనుకుందాం. 16 క్రెడిట్లలో బీ ప్లస్, మిగిలిన 4 క్రెడిట్ల పేపరులో పీ వస్తే మొత్తం 112కు 16 కలిపి 128, అంటే 6.4. ఆ పేపరులో కూడా బీ ప్లస్ వచ్చి ఉంటే 7 అయ్యేది. సెమిస్టరు వరకు ఈ తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. కానీ మూడేళ్ల డిగ్రీలో 120 క్రెడిట్లు ఉంటాయి కనుక, మొత్తం సీజీపీఏలో అదే తేడా 0.10 మాత్రమే. ఆ పదవ వంతు పాయింటు కోసం రెండు నెలలు దిగులు పడేవారు, అదే పేపరు మీద ఆధారపడి రాబోయే మరో మూడు పేపర్ల గురించి ఆలోచించరు. ఆ మూడింటిలోనూ పీ వస్తే పరిస్థితి నిజంగానే మారిపోతుంది.

ఎఫ్ గ్రేడు సంగతి వేరు. అక్కడ పాయింట్లతో పాటు క్రెడిట్లూ రావు, ఆ పేపరు తిరిగి రాసి తీరాలి.

మా అమ్మాయికి ప్లస్ టూ భౌతికశాస్త్రంలో నలభైలలోనే మార్కులు వచ్చాయి. నీట్ (వైద్యవిద్య ప్రవేశ పరీక్ష) రాయడానికి అర్హత పోయిందా?

నీట్ అర్హత ఒక్క సబ్జెక్టు శాతాన్ని బట్టి ఉండదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు విడివిడిగా పాసై ఉండాలి. మూడు సైన్సు సబ్జెక్టులలో కలిపి జనరల్ అభ్యర్థులకు కనీసం 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు 40 శాతం ఉండాలి. భౌతికశాస్త్రంలో 43, రసాయనశాస్త్రంలో 47, జీవశాస్త్రంలో 68 వచ్చిన విద్యార్థినికి మొత్తం 300కు 158 అవుతాయి. గీత 150 దగ్గర ఉంది కనుక ఆమె అర్హురాలే. అయితే అర్హత ఉన్నంత మాత్రాన ర్యాంకు రాదు. నీట్‌లోని 720 మార్కుల్లో భౌతికశాస్త్రానివి 180, కాబట్టి బోర్డు పరీక్షలో బయటపడిన బలహీనతే అక్కడ ఇంకా గట్టిగా బయటపడుతుంది.

ఈ ప్రాంతంలో తప్పక చూసుకోవలసినది కుల ధ్రువీకరణ పత్రం. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆంధ్రలోని బంధువులకు ఉన్న వర్గమే ఒడిశాలో తమకూ వర్తిస్తుందని అనుకుని 40 శాతం మీద ఆధారపడే కుటుంబాలు, తహసీల్దారు కార్యాలయంలో ముందే విచారించుకోవడం మంచిది.

నర్సింగ్, ఫార్మసీ, ఇంజినీరింగ్ దారుల మాటేమిటి?

బీఎస్సీ నర్సింగ్‌కు మూడు సైన్సు సబ్జెక్టులలో కలిపి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం కావాలి. బీఫార్మసీకి భౌతిక, రసాయనశాస్త్రాలతో పాటు గణితం గానీ జీవశాస్త్రం గానీ ఉండి ప్లస్ టూ పాసై ఉండాలి. జేఈఈ మెయిన్ అనే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ద్వారా ఎన్‌ఐటీలలో (జాతీయ సాంకేతిక విద్యా సంస్థల్లో) చేరాలంటే ర్యాంకుతో పాటు పన్నెండవ తరగతిలో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదా తమ బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో (అంటే వందకు పైనున్న ఇరవై మందిలో) ఉండాలి. ఈ రెండవ వెసులుబాటు సంగతి తెలియక ప్రయత్నం విరమించుకున్నవారు ఉన్నారు.

ప్లస్ టూలో జీవశాస్త్రం తీసుకోలేదు. గణితంలో గ్రేడు తగ్గాక ఇప్పుడు వైద్యవిద్య వైపు రావచ్చా?

రావచ్చు. పన్నెండవ తరగతి పూర్తయిన తర్వాత గుర్తింపు పొందిన బోర్డు నుంచి జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైనవారిని కూడా అర్హులుగా పరిగణిస్తామని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. కానీ గణితం నుంచి తప్పించుకోవడానికే జీవశాస్త్రం వైపు రావడం తెలివైన పని కాదు. భౌతికశాస్త్రం అక్కడా ఎదురవుతుంది, దానిలో గణితమూ ఉంటుంది.

పేపరు దిద్దడంలోనే పొరపాటు జరిగిందని అనుమానం. ఏం చేయవచ్చు?

ముందుగా మార్కుల తిరిగి కూడికకు, జవాబు పత్రం నకలుకు బోర్డు లేదా విశ్వవిద్యాలయం ఇచ్చే గడువులోగా దరఖాస్తు చేయాలి. ఆ గడువు సాధారణంగా చాలా తక్కువగా ఉంటుంది, ఫలితాల ప్రకటనలోనే ఒక మూలన రాసి ఉంటుంది. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద పరీక్ష రాసినవారికి ఉందని 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, కాబట్టి పత్రాలను భద్రపరిచే కాలం ముగియకముందే ఆ దారిలోనూ కోరవచ్చు.

మార్కులు పెరగకపోయినా నకలు తెప్పించుకోవడం వృథా కాదు. తర్వాతి ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.

ఎక్కడ పోయిందో నాకే తెలియడం లేదు. అంతా చదివాను, అయినా రాలేదు. ఎలా తెలుసుకోవాలి?

పరీక్షలో ఇచ్చిన అదే ప్రశ్నపత్రాన్ని మళ్లీ తీసుకుని, గడియారం పెట్టుకోకుండా, పుస్తకం చూడకుండా ఒకసారి పూర్తిగా రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, రాయలేకపోయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు రాయలేకపోయారో ఒక వాక్యం రాసుకోవాలి. ఈ పని ఒక ఆదివారం పట్టవచ్చు. అది అయ్యాక తప్పులు సాధారణంగా మూడు కుప్పలుగా విడిపోతాయి.

మొదటి కుప్ప: విషయమే తెలియనివి. ఇందులోనూ లోతుకు వెళ్లి చూస్తే, తెలియనిది ఆ పాఠం కాదనీ, అంతకు ముందు ఎప్పుడో వదిలేసిన చిన్న మెట్టు అనీ తేలుతుంది. ఉదాహరణకు 500 మిల్లీలీటర్ల ద్రావణంలో 4.9 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటే మోలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయన్నది) ఎంత అనే లెక్కను చూడండి. అణుభారం 98 కనుక 0.05 మోల్, అర లీటరులో ఉంది కనుక 0.1 మోలార్. దీన్ని చేయలేని విద్యార్థిని కదిలిస్తే, సూత్రం కంఠతా వచ్చునని చెబుతాడు. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం దగ్గర, లేదా గ్రాములను మోల్‌లలోకి మార్చడం దగ్గర ఆగిపోయి ఉంటాడు. అలాగే హైడ్రోజన్ అయాన్ గాఢత 0.01 మోలార్ అయితే పీహెచ్ 2 అని అందరూ చెబుతారు, గాఢత 0.002 అనగానే సగం తరగతి నిశ్శబ్దమవుతుంది. అక్కడ అడ్డుపడింది రసాయనశాస్త్రం కాదు, లాగరిథం. 2 యొక్క లాగరిథం 0.3010 అని తెలిసి, 3 నుంచి దాన్ని తీసివేయవచ్చని తట్టినవారికి పీహెచ్ సుమారు 2.7 అని వచ్చేస్తుంది.

రెండవ కుప్ప: తెలిసీ సమయం చాలక వదిలేసినవి. వీటికి మందు మరింత చదవడం కాదు, గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయడమే.

మూడవ కుప్ప: తెలిసినా ఇంగ్లీషులో రాయలేకపోయినవి. సరిహద్దు జిల్లాల పిల్లల విషయంలో ఈ కుప్ప మిగతా చోట్లకన్నా పెద్దగా ఉంటుంది, అందుకే దీన్ని విడిగా చెప్పుకోవాలి.

ఇంట్లో తెలుగు, పదవ తరగతి దాకా ఒడియా మాధ్యమం, ఇప్పుడు పాఠాలన్నీ ఇంగ్లీషులో. గ్రేడు తగ్గడానికి ఇదే కారణమా?

చాలామందికి ఇది కారణాల్లో ఒకటి, కొందరికి ముఖ్య కారణం. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో రాయగడలోనో చదివే తెలుగు విద్యార్థి భౌతికశాస్త్రాన్ని ఒడియాలో మొదలుపెట్టి, ఇంగ్లీషులో కొనసాగించి, అర్థం కానప్పుడు ఇంట్లో తెలుగులో అడుగుతాడు. ఇది లోపమేమీ కాదు గానీ, ప్లస్ టూ మొదటి ఏడాదిలో పాఠం నడిచే వేగానికి ఈ సర్దుబాటుకు వ్యవధి దొరకదు. త్వరణం, బలం, పరమాణువు వంటి పారిభాషిక పదాలు ఒడియా, తెలుగు పుస్తకాల్లో దాదాపు ఒకటే కావడం వల్ల ఈ పిల్లలకు విషయం పట్టుకోవడం ఎక్కువ కష్టం కాదు. కష్టమల్లా దాన్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా పేర్చడంలో ఉంది.

పనికివచ్చే పద్ధతి ఇది. ఒక పాఠాన్ని ఏ భాషలో త్వరగా అర్థమైతే ఆ భాషలోనే అర్థం చేసుకోండి. తర్వాత పుస్తకం మూసి, పరీక్షలో రాయవలసినట్లుగా ఇంగ్లీషులో ఐదారు వాక్యాల్లో రాయండి, ఆ తర్వాతే పుస్తకంతో పోల్చుకోండి. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మాత్రం తిరిగి చదివినవారే ముందున్నారు. పుస్తకం మూసిన వెంటనే అంతా వచ్చేసినట్లు ఎందుకు అనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు చదవగలిగిన విద్యార్థులకు తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ పుస్తకాలు ఎంతో ఉపకరిస్తాయి. పార్వతీపురం, పలాస వంటి ఊళ్లలో పుస్తకాల దుకాణాలను అడిగి చూడవచ్చు. ఇక్కడి పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు చాలామందే ఉన్నారు. అటువంటి ఇళ్లలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న అమ్మో నాన్నో మేనమామో పాఠాన్ని పైకి చదివి వినిపిస్తే సరిపోతుంది. సైన్సు తమకు రాదు కాబట్టి సాయపడలేమని అనుకునే పెద్దలు ఈ మాత్రం సాయం తప్పక చేయగలరు.

భౌతికశాస్త్రంలో గ్రేడు తగ్గింది. ఏ పాఠం నుంచి తిరిగి మొదలుపెట్టాలి?

చాలామంది విషయంలో భౌతికశాస్త్రం నుంచి కాదు, గణితం నుంచి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండవ తరగతి భౌతికశాస్త్రంలో చలనం మొదటి అధ్యాయాల్లోనే వస్తుంది, అందులో అవకలనం (డిఫరెన్షియేషన్) వాడతారు. గణిత పుస్తకంలో అవధులు (లిమిట్స్), అవకలజాలు (డెరివేటివ్స్) చివరి అధ్యాయాల్లో ఉంటాయి. అంటే గణిత అధ్యాపకుడు ఇంకా చెప్పని పనిముట్టును భౌతికశాస్త్ర అధ్యాపకుడు మొదటి నెలలోనే వాడేస్తాడు. ఈ ఎడం పిల్లల తప్పు కాదు, దాన్ని పూడ్చుకునే భారం మాత్రం వారి మీదే పడుతోంది. స్థానం సమయపు వర్గానికి ఐదు రెట్లుగా మారుతుంటే వేగం సమయానికి పది రెట్లని ఎందుకు వస్తుందో చెప్పగలిగేంత అవకలనం, సదిశల (వెక్టర్ల) విభజన, త్రికోణమితిలో సైన్, కొసైన్‌ల వాడకం వస్తే యాంత్రికశాస్త్రంలో సగం భయం పోతుంది. డిగ్రీలో ఉష్ణగతిక శాస్త్రం కష్టమైనవారు కూడా ముందుగా పాక్షిక అవకలజాలు చూసుకోవాలి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల పాఠాలను వినడానికి కూడా రుసుము లేదు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఉండేవారు పట్నానికి వచ్చిన రోజున వారానికి సరిపడా పాఠాలు ఫోనులో దించుకోవడం మేలు. పది చానళ్లు వెతకడం కన్నా ఒకే అధ్యాపకుని పాఠాలను వరుసగా వినడం మంచిది.

పునాది పేపరులో అంతంత మాత్రంగా పాసయ్యాను. పై పేపరు వెంటనే తీసుకోవాలా, లేక ముందుదాన్ని మళ్లీ రాయాలా?

పైన చెప్పిన మూడు కుప్పల్లో ఏది పెద్దదో చూసి నిర్ణయించుకోవాలి. సమయం, భాషల వల్ల మార్కులు పోయినవారు నిస్సంకోచంగా ముందుకు వెళ్లవచ్చు. విషయమే రానివారు ముందుకు వెళ్లినా, మొదటి ఆరు వారాలు రోజుకు గంటసేపు పాత పాఠాలకే కేటాయించాలి. ఆ గంట దొరకదని ఇప్పుడే అనిపిస్తే, ఎంచుకునే వీలున్న పేపరైతే వాయిదా వేసుకోవడమే నయం. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (విద్యార్థి క్రెడిట్లను నమోదు చేసి ఉంచే జాతీయ ఖాతాలో) జమ అయిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుబాటవుతాయి కనుక, ఒక సెమిస్టరు ఆలస్యమైతే సంపాదించుకున్నదంతా పోతుందన్న భయం అక్కర్లేదు.

కేవలం అక్షరాన్ని మార్చుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాయడం మాత్రం ప్రవేశ నిబంధనకు కొన్ని మార్కులు తక్కువైనవారికే లాభం. మిగిలినవారికి అదే సమయం పై పేపరు మీద పెడితే ఎక్కువ దక్కుతుంది.

ఇక్కడ మార్కులు తగ్గాయి కాబట్టి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంటర్‌లో చేర్పించాలనుకుంటున్నాం. మంచిదేనా?

బోధన విషయంలో మేలు జరగవచ్చు, ముఖ్యంగా తెలుగులో వివరించే అధ్యాపకులు దొరుకుతారు. అయితే రెండేళ్లు అక్కడ చదివినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత వస్తుందని అనుకోకూడదు. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులకు ప్రత్యేకించినవి, చదువు ఆధారంగా స్థానికత రావాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది ప్రధాన నియమం. ఇటు ఒడిశా కోటాకు నివాస నియమాలు వేరే ఉన్నాయి. రెండు రాష్ట్రాల నియమాలూ చదవకుండా మారిన విద్యార్థి అక్కడా ఇక్కడా కాకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. టీసీ తీసుకోకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది కేటాయించడం సరైనదేనా?

పునాది పాఠాలు వచ్చి, సాధన చాలక ర్యాంకు తప్పినవారికి ఫలితం ఉంటుంది. పాఠాలే రానివారికి కోచింగ్ తరగతుల వేగం కళాశాల వేగం కన్నా ఎక్కువ కనుక అక్కడా అదే వెనకబాటు కొనసాగుతుంది. డబ్బు కట్టేముందు రెండు నెలలు ఇంట్లోనే పదకొండవ తరగతి పుస్తకాలు పూర్తిచేసి చూడమని నా సలహా. ఆ రెండు నెలలు కూర్చోగలిగినవారికి ఏడాది కూర్చోవడం కష్టం కాదు.

మా అబ్బాయి గ్రేడు వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఏం చేయాలి?

ముందుగా చదువు ప్రణాళికలన్నీ పక్కన పెట్టండి. బంధువుల పిల్లల ర్యాంకుల ప్రస్తావన ఇంట్లో కొన్నాళ్లు రాకుండా చూడండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆహారం, మాట మామూలు కాకపోతే వైద్యుని సంప్రదించాలి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినిపించినా రెండు వారాలు ఆగకూడదు. అతన్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు తమ కోసం కూడా ఫోన్ చేయవచ్చు.

బ్యాక్ పేపరు (తప్పిన పేపరు) ఎప్పుడు రాయాలి?

చాలా విశ్వవిద్యాలయాల్లో బ్యాక్ పేపరును, జూనియర్లు అదే సెమిస్టరు పరీక్ష రాసేటప్పుడు వారితో పాటు రాయవలసి ఉంటుంది, అంటే ఇంచుమించు ఏడాది వ్యవధి వస్తుంది. ఫారం నింపే తేదీలు రెగ్యులర్ విద్యార్థుల తేదీలకన్నా భిన్నంగా ఉండవచ్చు కనుక కళాశాల నోటీసు బోర్డును వారం వారం చూడాలి. సిలబస్ మారిన ఏడాదిలోనైతే పాత సిలబస్‌తో ప్రశ్నపత్రం ఇస్తారా, కొత్తదానితో ఇస్తారా అన్నది పరీక్షల విభాగం నుంచి కాగితం మీద తెలుసుకున్న తర్వాతే చదవడం మొదలుపెట్టండి.